మింగే మందా, పైపూత మందా?

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఉచిత వైద్యశాల సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సమావేశంలో మేము ఎంతమంది రోగులను చూశామో, ఎంత మందు పంచామో చదివి వినిపించి కూర్చునేవాళ్లం. ఆ లెక్కలు ఈసారి కోశాధికారిగారు చదువుతారు. మాకిచ్చిన సమయాన్ని మేము ఒకే ఒక్క విషయానికి వాడుకుంటాం. నొప్పికి మాత్ర మింగడం మంచిదా, పైన మందు రాసుకోవడం మంచిదా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే ఖర్చవుతోంది. అంతకంటే ముఖ్యం, ఈ ప్రశ్నను మేము సరిగా వేసుకోకపోవడం వల్ల ఒక మనిషికి నష్టం జరిగింది. అది మీ ముందు చెప్పుకోకపోతే మీ దానానికి మేము న్యాయం చేసినవాళ్లం కాము.

మన గుంటూరులో వైద్యశాల మెట్లెక్కే వాళ్లెవరో మీకు తెలుసు. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు, కోల్డు స్టోరేజీల దగ్గర నేలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు, మిషను కుట్టే దర్జీలు, ఆటో నడిపే కుర్రవాళ్లు. జ్వరమనీ దగ్గనీ వచ్చినా, వెళ్లేముందు అందరూ అడిగేది ఒకటే: "ఆ నొప్పి గోళీలు కూడా కాసిని పడేయండి."

వాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. అరవై దాటిన మనిషి. ముప్పయ్యేళ్లుగా తొడిమలు తీసిన చేతులు, చాప మీద మడిచి కూర్చున్న మోకాళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. సజ్దా నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఇంటి దగ్గరి మందుల షాపులో అడిగితే చిన్న కాగితం కవరులో మూడు రకాల మాత్రలు కలిపి ఇచ్చేవారు. పొద్దున ఒక కవరు, రాత్రి ఒక కవరు. నొప్పి మాయమయ్యేది. పనికి వెళ్లేది. అలా ఏడాదికి పైగా సాగింది.

ఒక వేసవిలో ఆమెకు రెండు రోజులు నల్లగా, తారులాగా విరేచనమైంది. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాక తెలిసింది, కడుపులో పుండుపడి రక్తం పోతోందని. రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ పరీక్షల్లో మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నట్టు బయటపడింది.

ఆమె కూతురు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని మా దగ్గరికి తెచ్చింది. షాపువాళ్ల కవర్లున్నాయి. వాటితోపాటు మన వైద్యశాల నుంచి ఇచ్చిన నొప్పి మాత్రల స్ట్రిప్పులూ ఉన్నాయి. పేర్లు వేరు, లోపల ఉన్నది ఒకే జాతి మందు. అంటే ఆ తల్లి ఒకే రకం మందును రెండు చోట్ల నుంచి, రెండింతలు మింగుతోంది. ఇంకెక్కడైనా మందులు వాడుతున్నారా అని మేము ఒక్కసారి కూడా అడగలేదు. షాపును తప్పుపట్టడం సులభం. ఆ సంచిలో మా చేతి మందు కూడా ఉంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ రోజు నుంచి మేము కూర్చుని ఈ విషయాన్ని మొదటినుంచి చదువుకున్నాం. తెలుసుకున్నది మీకు వీలైనంత తేలిక మాటల్లో చెబుతాం.

నొప్పి మాత్ర ఏం చేస్తుంది?

దెబ్బ తగిలిన చోట, అరిగిన కీలు దగ్గర మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను తయారుచేస్తుంది. వాపు, మంట, నొప్పి పెరగడానికి ఇవి కారణం. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు వీటి తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్‌ను 1897లోనే జర్మనీలో తయారుచేసినా, అది ఎలా పనిచేస్తుందో తేలింది మాత్రం 1971లో. కనిపెట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కేమిటంటే ఈ ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి ఒక్కటే కలిగించవు, మేలూ చేస్తాయి. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవి అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు వెళ్లే రక్తనాళాలను తెరిచి ఉంచేవీ అవే. మింగిన మాత్రకు మోకాలి దారి ప్రత్యేకంగా తెలియదు. పేగుల్లోంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మోకాలిలో తయారీని ఆపినట్టే కడుపులోనూ, మూత్రపిండాల్లోనూ ఆపుతుంది. అందుకే పుండ్లు పడతాయి, రక్తస్రావం అవుతుంది, బీపీ పెరుగుతుంది, కాళ్లకు నీరు పడుతుంది, కొందరికి గుండెపోటు ముప్పు పెరుగుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఆయాసం వస్తుంది. కడుపుకు మేలని పేరుతెచ్చుకున్న రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్రను గుండెకు హాని చేస్తోందని తేలి 2004లో తయారీదారులే ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

డైక్లోఫెనాక్ గురించి ఇంకో సంగతి. మన ఊళ్ల మీద తిరిగే రాబందులు కనిపించకుండా పోయాయి కదా. డైక్లోఫెనాక్ వాడిన పశువులు చనిపోయాక ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మనిషి మూత్రపిండం రాబందు మూత్రపిండమంత సున్నితం కాదు, భయపడి వైద్యుడు రాసిన మందు మానేయకండి. కానీ ఆ మందుకు మూత్రపిండంతో ఎంత దగ్గరి సంబంధముందో ఆ పక్షులు మనకు చెప్పి పోయాయి.

బీపీకి మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి "ప్రిల్" మందులు, టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి "సార్టన్" మందులు మన ఇళ్లలో చాలామంది వాడతారు. వాటికి తోడు నీరు పోయేందుకు ఇచ్చే మాత్ర, ఆ పైన నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే మూత్రపిండం హఠాత్తుగా దెబ్బతినవచ్చు. అందులో మన రోహిణి ఎండల్లో ఒంట్లో నీరు ఆరిపోతే గోరుచుట్టు మీద రోకటిపోటే.

మా దగ్గర తరచు వినబడే రెండు మాటలకు ఇక్కడే జవాబు చెబుతాం. "గ్యాస్ గోళీ కూడా వేసుకుంటున్నాం కదా, ఏమీ కాదు" అంటారు. ఆ గోళీ కడుపుకు కొంత రక్షణ ఇస్తుంది, నిజమే. మూత్రపిండానికీ గుండెకూ ఇవ్వదు. "సూది వేయించుకుంటే కడుపుకు పట్టదు" అంటారు. సూది మందు కూడా చేరేది రక్తంలోకే. రక్తం ద్వారా జరిగే హాని దానితోనూ జరుగుతుంది.

పారాసిటమాల్ వేరే జాతి. కడుపుకు, మూత్రపిండాలకు దానివల్ల ముప్పు తక్కువ. అయితే దానికీ హద్దుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయం దెబ్బతింటుంది. జలుబు మాత్రల్లో, నొప్పి మాత్రల్లో అది కలిసే ఉంటుంది కాబట్టి స్ట్రిప్పు వెనక చదవకుండా రెండు రకాలు వేసుకోకూడదు.

పైపూత మందుల సంగతి

పైన రాసుకునే మందు మనకు కొత్తది కాదు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారు, గ్రంథమాల నడిపారు, ఎందరికో సాయం చేశారు. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము తెలుగువాళ్ల చదువుకు పెట్టుబడి అయింది. దాతలైన మీకు ఈ సంగతి ప్రత్యేకంగా నచ్చుతుందని చెబుతున్నాం. 1920లో హైదరాబాదులో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్ సీసా లేని ముస్లిం ఇల్లు ఒకప్పుడు తక్కువ. అదైతే చుక్కలు లోపలికీ వాడతారు, పైనా రాస్తారు. మన ప్రశ్న పాతదేనన్నమాట.

అయితే పైపూత మందులన్నీ ఒకటి కావు. మూడు రకాలుగా చూడాలి.

మొదటిది బాములు. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె అనే మిథైల్ శాలిసిలేట్, ఇవి ఉండేవి. చర్మం మీద చల్లగానో వేడిగానో అనిపించి మన ధ్యాసను నొప్పి మీద నుంచి మళ్లిస్తాయి. కాసేపు హాయిగా ఉంటుంది. తప్పులేదు.

రెండోది డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, కీటోప్రోఫెన్ లాంటి మందులున్న జెల్లులు. మాత్రలో ఉన్న మందే ఇందులోనూ ఉంటుంది. చర్మం గుండా దిగి, కింద ఉన్న కీలు, కండరం, నరంబుల వరకు చేరుతుంది. ముఖ్యమైన లెక్క ఇక్కడుంది. ఒక మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రోజుకు నాలుగుసార్లు రాసినప్పుడు రక్తంలో చేరే మందు, మాత్ర మింగినప్పుడు చేరేదానిలో సుమారు 6 శాతం మాత్రమే. నొప్పి ఉన్నచోట మందు ఉంటుంది, మిగిలిన ఒంటికి చాలా తక్కువ పోతుంది.

మూడోది మన ఊరికి సొంతం. మిరపకాయ ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్‌తో చేసే క్రీము. మంటను గుర్తించే నరాల చివర్లను అది మొదట రేపి, రాస్తూ ఉంటే క్రమంగా మొద్దుబారేలా చేస్తుంది. ఆ నరాల చివర ఉండే గ్రాహకాన్ని ఈ క్యాప్సైసిన్ సాయంతోనే 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మోకాలి నొప్పికి, కొన్ని రకాల నరాల నొప్పికి ఈ క్రీము వాడతారు. కొద్దిరోజులు మంట ఓర్చుకోవాలి, వారాల తరబడి క్రమం తప్పక రాయాలి, కంట్లో చెయ్యి పెట్టకూడదు. ఇది విని ఎవరూ ఇంట్లో కారం నూరి మోకాలికి పట్టించకండి. చర్మం కాలిపోతుంది.

మరి ఏది ఎక్కువ పనిచేస్తుంది?

నొప్పి తగ్గించడంలో మాత్ర ముందు జెల్ నిలబడుతుందా అన్నది మా మొదటి అనుమానం. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటి మోకాలి నొప్పితో బాధపడేవాళ్లకు ఐబుప్రోఫెన్ మాత్ర, ఐబుప్రోఫెన్ జెల్ ఇచ్చి పోల్చి చూసిన పరిశోధన 2008లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల నొప్పీ దాదాపు ఒకేలా ఉంది. దుష్ప్రభావాల వల్ల మందు మార్చుకున్నవాళ్లు మాత్రల వర్గంలో ఎక్కువ. నొప్పి చాలినంత తగ్గలేదని మార్చుకున్నవాళ్లు జెల్ వర్గంలో ఎక్కువ. రెండు మాటలూ నిజమే కాబట్టి రెండూ చెబుతున్నాం.

అనేక పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షల్లో మరికొన్ని అంకెలున్నాయి. కాలు బెణికినప్పుడు, కండరం పట్టేసినప్పుడు ఒక రకం డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్న వందమందిలో 78 మందికి వారం లోపే నొప్పి బాగా తగ్గింది. మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 20 మందికే తగ్గింది. ఇది పెద్ద తేడా. కానీ ఏళ్ల తరబడి ఉన్న మోకాళ్ల అరుగుదలలో అంకెలు వేరు. మందున్న జెల్ రాసినవాళ్లలో 60 మందికి, ఉత్త జెల్ రాసినవాళ్లలో 50 మందికి మేలనిపించింది. అంటే బెణుకుకు జెల్ గట్టి మందు. పాత మోకాలి నొప్పికి ఓ మాదిరి మందు. అద్భుతం చేస్తుందని మేము అనం. అయితే హాని తక్కువ కాబట్టి ముందుగా దాన్నే ప్రయత్నించాలి. అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2019లో మోకాలి అరుగుదలకు జెల్‌ను గట్టిగా సిఫారసు చేసింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా మోకాలికి ముందు పైపూత మందే ఇమ్మంటాయి. బెణుకులకు కూడా జెల్‌నే ముందు వాడమని అమెరికా వైద్య సంఘాలు 2020లో చెప్పాయి.

జెల్ పనిచేయని చోట్లూ ఉన్నాయి. తుంటి కీలు లోతుగా ఉంటుంది, మందు అంతవరకు దిగదు. నడుమునొప్పిలోనూ పెద్ద ప్రయోజనం ఆశించలేం. పంటినొప్పి, మూత్రంలో రాయి వల్ల వచ్చే నొప్పి, ఒంట్లో నాలుగైదు కీళ్లు ఒకేసారి వాచే వాతం, ఆపరేషన్ తర్వాతి నొప్పి, వీటికి మింగే మందో సూదో కావాలి. షుగరు వల్ల పాదాల్లో వచ్చే మంటలకు వేరే మందులున్నాయి, వైద్యుణ్ని కలవాలి. స్పర్శ తెలియని పాదాల మీద ఘాటు బాములు రుద్దడం, వేడి కాపడం పెట్టడం చాలా ప్రమాదం, కాలినా తెలియదు. కాబట్టి మాత్ర శత్రువు కాదు. ఎవరికి, ఎన్ని రోజులు, ఏ మందులతో కలిపి అన్నదే ప్రశ్న.

ఎలా వాడాలి?

జెల్ పనిచేయలేదని వచ్చేవాళ్లను "ఎంత రాశారు?" అని అడిగితే శనగగింజంత చూపిస్తారు. అంత రాస్తే చర్మానికి మెరుపు తప్ప మోకాలికి మందు చేరదు. ఒక్కో మోకాలికి ఒక్కో పూటకు 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి. చిన్న మెత్తటి చేత్తో పరిస్తే చాలు, గట్టిగా తోమనక్కర్లేదు. పుండు, గాయం, దద్దురు ఉన్నచోట రాయకూడదు. రాసిన చోట గట్టిగా కట్టు కట్టకూడదు, వేడినీళ్ల సంచి పెట్టకూడదు. కీటోప్రోఫెన్ రాసుకున్న చోట ఎండ తగలనివ్వకూడదు. దురద, ఎర్రదనం వస్తే ఆపేయాలి. రెండు నుంచి నాలుగు వారాలు సరిగా రాసినా గుణం లేకపోతే కొనసాగించడం వృథా. జెల్ రాస్తూ అదే జాతి మాత్ర కూడా మింగితే జెల్ వల్ల వచ్చే మేలే పోతుంది. మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లు, గర్భిణులు జెల్ అయినా వైద్యుణ్ని అడిగే వాడాలి.

చేతివేళ్ల నొప్పికి రాసుకునేవాళ్లకు మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చేతులకు రాసిన జెల్ కనీసం గంటసేపు కడగకుండా ఉండాలి. వుజూకు ముందు రాస్తే మందంతా నీళ్లలో పోతుంది. కాబట్టి నమాజు అయ్యాక రాసుకోమని చెబుతున్నాం. ఫజ్ర్ తర్వాత, జుహ్ర్ తర్వాత, ఇషా తర్వాత. ఇలా చెబితే ముసలివాళ్లు కూడా ఒక్క పూట మరిచిపోవడం లేదు. గడియారం కంటే అజాన్ బాగా గుర్తుచేస్తుంది. అయితే ఆ చేతులతో అన్నం కలిపేముందు, పిల్లల్ని ఎత్తుకునేముందు మాత్రం కడుక్కోవాలి.

రంజాన్ మాటకొస్తే, చర్మం మీద రాసే మందుల వల్ల రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. సందేహమున్నవాళ్లు తమ ఆలిమ్‌ను అడగవచ్చు. వైద్యపరంగా మేము చెప్పేది ఇది: సహ్రీలో ఉత్త చాయ్ తాగి నొప్పి మాత్ర వేసుకుని, పగలంతా నీళ్లు లేకుండా ఎండలో పనిచేయడం మూత్రపిండానికి చాలా కష్టం. మాత్ర తప్పనిసరైతే ఇఫ్తార్ భోజనం తర్వాత, నీళ్లు బాగా తాగి వేసుకోవాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు రంజాన్ రాకముందే వైద్యుణ్ని కలిసి మందుల వేళలు సరిచేయించుకోవాలి.

తల్లులకు ఒక హెచ్చరిక. పైపూత మందు హాని తక్కువన్నది పైన రాసినంత వరకే. వింటర్‌గ్రీన్ నూనె ఒక చిన్న చెంచాలో సుమారు 20 ఆస్పిరిన్ మాత్రలంత మందు ఉంటుంది. పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం. కర్పూరం లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి. బాము సీసాలు మంచం కింద, కిటికీలో పెట్టకండి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ఈ నూనెలు ఎక్కువగా రుద్దుకోకూడదు.

ఖర్చు సంగతి

ఇప్పుడు దాతలుగా మీరు అడగవలసిన ప్రశ్న. మాత్ర చవక, జెల్ ఖరీదు. మీ డబ్బుతో ఏది కొనాలి?

లెక్క దాచం. ఒక ట్యూబులో ఉండేది 30 గ్రాములు. ఒక మోకాలికి అతి తక్కువగా 2 గ్రాముల చొప్పున మూడుసార్లు రాసినా రోజుకు 6 గ్రాములు. ట్యూబు ఐదు రోజులకు అయిపోతుంది. నెలకు ఆరు ట్యూబులు. రెండు మోకాళ్లకైతే పన్నెండు. జన ఔషధి కేంద్రాల్లో జెనరిక్ జెల్ చవకగా కొన్నా, మాత్రల స్ట్రిప్పుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువే. ఇంతకుముందు మేము నెలకు మనిషికి ఒక ట్యూబు ఇచ్చి పంపేవాళ్లం. అది ఐదు రోజుల మందు. నెలంతా సాగదీసి గోరంత గోరంత రాసుకుని, పనిచేయలేదని మళ్లీ షాపు కవరు దగ్గరికే వెళ్లేవాళ్లు. చాలినంత ఇవ్వని మందు, ఇవ్వనిదానితో సమానం. అది దానం వృథా చేయడమే.

అందరికీ జెల్ ఇచ్చే స్తోమత మనకు లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నొప్పి మందు ఇచ్చేముందు ప్రతి ఒక్కరినీ నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం. కడుపులో పుండు, రక్తం పోవడం ఎప్పుడైనా ఉందా? షుగరు, బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉందా? ఇంకెక్కడి నుంచైనా మందులు వాడుతున్నారా, ఆ కవరు చూపించగలరా? వయసు 65 దాటిందా, ఆడవాళ్లయితే కడుపుతో ఉన్నారా? నాలుగింటికీ లేదన్న కుర్రవాడికి అవసరమైతే మాత్రలే, అన్నం తిన్నాక, తక్కువ మోతాదులో, ఐదు రోజులకు మించకుండా. ఒక్కదానికి అవునన్నా ఆ మాత్ర మేము చేతిలో పెట్టం, వైద్యుడు చూడాలి. మోకాలు, వేళ్లు, మడమ, మోచేయి నొప్పి ఉండి ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మాత్రం జెల్ చాలినంత ఇస్తాం, నెల తర్వాత గుణం చూసి కొనసాగిస్తాం. వాళ్లకు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా చేయిస్తాం. ఏ మందూ అక్కర్లేని వైద్యం కూడా నేర్పుతున్నాం: కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదంకెలు లెక్కపెట్టి దించడం, బరువు తగ్గడం, తొడిమలు తీసేటప్పుడు చాప బదులు పీట వేసుకోవడం.

కొందరు దాతలు ప్రేమతో నొప్పి మాత్రల పెట్టెలు కొని తెచ్చి ఇస్తారు. ఇంట్లో మిగిలిన మాత్రలు కూడా ఇస్తారు. మీ మనసు మాకు తెలుసు. కానీ అవి బల్ల మీద ఉంటే పంచాలనిపిస్తుంది, ఖాలా సంచిలో దొరికినవి అలా పంచినవే. దయచేసి మాత్రల పెట్టెల బదులు ఒక రోగికి నెల జెల్, లేదా ఒకరికి క్రియాటినిన్ పరీక్ష మీ పేరు మీద పెట్టండి. మూత్రపిండం పూర్తిగా చెడితే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలపాటు డయాలిసిస్. రోజు కూలీ ఇంట్లో అది ఒక మనిషి జబ్బుగా ఆగదు, ఇల్లంతా కూలిపోతుంది. ట్యూబు ఖరీదు దాని పక్కన పెట్టి చూడండి.

ఖాలా ఇప్పుడు బాగానే ఉంది. మూత్రపిండాలు పాత స్థితికి రాలేదు, ఇక రావు కూడా. పనికి వెళ్లడం మానేసింది. నమాజు కుర్చీలో కూర్చుని చదువుకుంటుంది. మోకాళ్లకు, వేళ్లకు వైద్యుడు చెప్పిన మేరకే జెల్ రాసుకుంటుంది. పోయిన రంజాన్ ముందు మా దగ్గరికొచ్చి మా చెయ్యి పట్టుకుంది. "ఆ గోళీ ఒక్క నెల ఇవ్వండి నాయనా. తరావీహ్ నిలబడి చదువుకుంటా. నా జబ్బుకు మిమ్మల్ని ఏమీ అనను" అంది.

ఇవ్వలేదు. కూర్చుని చదివినా అల్లాహ్ స్వీకరిస్తాడమ్మా అని చెప్పి, జెల్ ట్యూబులు చేతిలో పెట్టి పంపాం. ఆమె బాధపడుతూ వెళ్లింది. ఏడాదిపాటు అడగ్గానే ఇచ్చినప్పుడు ఆమె మమ్మల్ని దీవించేది. ఇవ్వకుండా పంపిన ఆ రోజు దీవించలేదు. కానీ మా వైద్యశాల ఆమెకు నిజంగా మేలు చేసింది ఆ రోజేనని మేము నమ్ముతున్నాం.

మీ దానం ఎవరి నొప్పినీ పెంచకుండా తగ్గించేదిగా ఉండేట్టు అల్లాహ్ మాకు బుద్ధినీ, మీకు బర్కత్‌నూ ప్రసాదించుగాక. ఆమీన్.